డురాంగ్ తండ్రీకొడుకులు: ఆడినవాళ్లే రాసిపెట్టిన రంగస్థల చరిత్ర

అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను ఒక తండ్రి గురించి, ఆయన కొడుకు గురించి మాట్లాడతాను. తండ్రి పేరు జాన్ డురాంగ్, కొడుకు పేరు చార్లెస్ డురాంగ్. ఊరు ఫిలడెల్ఫియా. జాన్ డాన్సరు. అమెరికాలో పుట్టి, స్టేజి మీద డాన్సునే బతుకుతెరువు చేసుకుని పేరు సంపాదించిన మొదటి మనిషి ఆయనేనని నాటకరంగ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఒప్పుకుంటారు. చార్లెస్ కూడా చిన్నప్పుడే స్టేజి ఎక్కాడు. నటించాడు, డాన్సు నేర్పాడు, తెర వెనక ప్రాంప్టింగ్ చేశాడు, స్టేజి మేనేజరుగా ఉన్నాడు, వయసు పైబడ్డాక కూర్చుని ఫిలడెల్ఫియా నాటకరంగం చరిత్ర మొత్తం రాశాడు. వంద సంవత్సరాలకి పైగా చరిత్ర అది, 1749 నుంచి 1855 దాకా.

ఈ ఇద్దరినే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ కాలంలో వీళ్లకంటే పెద్ద నటులు ఉన్నారు, డబ్బున్న మేనేజర్లు ఉన్నారు, మంచి నాటకాలు రాసినవాళ్లూ ఉన్నారు. కానీ సైడ్ వింగ్‌లో నిలబడి తన వంతు కోసం ఎదురుచూసే మనిషికి నాటకం ఎలా కనిపిస్తుందో మనకి చెప్పింది వీళ్లే. మీలో చాలామంది ముఖానికి రంగు వేసుకున్నవాళ్లే కాబట్టి ఆ చూపు విలువ నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ముందు కాలం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే జాన్ చేసిన పని ఎంత కష్టమైనదో అర్థం కాదు.

1752లో లూయిస్ హాలమ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి ఒక నాటక సమాజాన్ని వెంటబెట్టుకుని ఓడ దిగాడు. అమెరికాలో వృత్తి నాటకం గట్టిగా మొదలైంది వాళ్లతోనే. ఆ సమాజమే చేతులు మారి తర్వాత ‘అమెరికన్ కంపెనీ’ అయింది. 1766లో ఫిలడెల్ఫియాలో సౌత్‌వార్క్ థియేటర్ కట్టారు. ఆ దేశంలో మొదటి శాశ్వత నాటకశాలగా దాన్నే చెబుతారు. కింద ఇటుక, పైన చెక్క, నూనె దీపాల వెలుగు. దాన్ని కావాలనే ఊరి హద్దుకి అవతల కట్టారు, ఎందుకంటే ఫిలడెల్ఫియాలో క్వేకర్లకి, అంటే నిరాడంబరంగా బతకాలనే ఒక క్రైస్తవ శాఖవాళ్లకి, పలుకుబడి ఎక్కువ, వాళ్ల దృష్టిలో నాటకం అంటే పాపం, సోమరితనం, డబ్బు తగలెయ్యడం. దానికి తోడు 1774లో కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే అమెరికా వలసల ప్రతినిధుల సభ, కూడా గుర్రప్పందాలు, కోడిపందాలతో పాటు నాటకాలనీ మానుకోమని జనానికి చెప్పింది. నటులు సామాను సర్దుకుని జమైకా వెళ్లిపోయారు. స్వాతంత్ర్య యుద్ధం జరుగుతుండగానే 1779లో పెన్సిల్వేనియా నాటకాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అది పదేళ్ల పాటు, 1789 దాకా ఉంది.

అంటే జాన్ డురాంగ్ అనే కుర్రాడికి డాన్సరు కావాలని కోరిక పుట్టే నాటికి ఆయన ఉన్న రాష్ట్రంలో ఆ పనే చట్టవిరుద్ధం!

జాన్ పుట్టింది 1768 జనవరిలో, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో. పెరిగింది పక్కనే ఉన్న యార్క్ అనే ఊళ్లో. తల్లిదండ్రులు అంతకు ముందు ఏడాదే యూరప్ నుంచి వలస వచ్చారు. తండ్రి జాకబ్ ఆల్సేస్ వైపు మనిషి, ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడు, క్షౌరమూ చేసేవాడు, చిన్నచిన్న శస్త్రచికిత్సలూ చేసేవాడు, ఆ రోజుల్లో ఆ రెండూ ఒక్కడి చేతిలోనే ఉండేవి. ఇంట్లోనూ చుట్టుపక్కలా జర్మన్ మాట, ఫ్రెంచి మాట, బయట ఇంగ్లిషు. ఈ మూడు భాషలూ తర్వాత ఆయనకి అన్నం పెట్టాయి, ఆ సంగతి మళ్లీ చెబుతాను. 1777, 78ల్లో బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియాని పట్టుకున్నప్పుడు కాంటినెంటల్ కాంగ్రెస్ సుమారు తొమ్మిది నెలలు ఈ యార్క్‌లోనే కూర్చుని దేశాన్ని నడిపింది. జాన్‌కి అప్పటికి తొమ్మిది, పదేళ్లు.

కుటుంబం తర్వాత ఫిలడెల్ఫియా చేరింది. అక్కడ రూసెల్ అనే ఫ్రెంచి డాన్సరు హార్న్‌పైప్ ఆడుతుంటే ఈ కుర్రాడు చూశాడు. హార్న్‌పైప్ అంటే ఓడల మీద నావికులు ఆడే ఒంటరి నాట్యం, నడుము నుంచి పైభాగం పెద్దగా కదలదు, పని అంతా పాదాలదే, మడమ, మునివేళ్లు, దెబ్బ మీద దెబ్బ. స్టేజి మీద నావికుడి వేషం వేసుకుని ఆడితే జనం వెర్రెత్తిపోయేవాళ్లు. జాన్ అది చూసి ఇంటికొచ్చి సాధన చేశాడు, రూసెల్ వేసిన అడుగులన్నీ పట్టేశాడు, అప్పటికే తనకి వచ్చిన అడుగులు ఇంకా బోలెడు ఉన్నాయని కూడా రాసుకున్నాడు. అడుగులు వచ్చినా ఆ ఒడుపు రాలేదని ఆయనకే తెలిసింది. ఏం చేశాడంటే, రూసెల్‌నే తమ ఇంట్లో అద్దెకి పెట్టించాడు! గురువుని వెతుక్కుంటూ శిష్యులు వెళ్లడం విన్నాం గానీ, గురువుని ఇంటికి తెచ్చుకుని పెట్టుకున్న పిల్లవాడిని చూస్తే నాకు ఎంతో ముచ్చటేస్తుంది. పదిహేనేళ్ల వయసులో ఒక ఊరూరా తిరిగే ప్రదర్శనకారుడితో కలిసి బోస్టన్ వెళ్లాడు, కొంతకాలం తిరిగి మళ్లీ ఫిలడెల్ఫియా వచ్చాడు.

ఇదే సమయంలో జమైకా నుంచి చిన్న హాలమ్, అంటే పెద్దాయన కొడుకు, తిరిగొచ్చి సౌత్‌వార్క్ తలుపులు తీశాడు. చట్టం ఉంది కదా, నాటకం అనకూడదు. ‘ఉపన్యాసం’ అన్నారు, ‘సంగీత కచేరీ’ అన్నారు. తర్వాత కొన్నేళ్లకి ఇది ఎంత దూరం పోయిందంటే, ‘హామ్లెట్’ నాటకాన్ని ‘పితృభక్తి: డెన్మార్క్ యువరాజు కథ ద్వారా నీతిబోధ’ అన్న అర్థం వచ్చే పేరుతో ప్రకటించారు. ‘మూడవ రిచర్డ్’ని నియంతృత్వానికి పట్టే గతి అన్నారు. బతకాలి కదండీ. ఆ నటుల పట్టుదలకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఆ ‘ఉపన్యాసాల’ మధ్యలో జనాన్ని కూర్చోబెట్టడానికి హాలమ్‌కి ఒక డాన్సరు కావాల్సి వచ్చాడు. పదిహేడేళ్ల జాన్ అలా చేరాడు. తన మొదటి ప్రదర్శన గురించి ఆయన రాసుకున్నది చదివితే రెండు శతాబ్దాల దూరం ఇట్టే కరిగిపోతుంది. ముందు వేషం గురించి చెబుతాడు. ముదురు నీలం పొట్టి కోటు, దాని నిండా తళతళలాడే బొత్తాలు. ఆరు గజాల సన్నటి నారబట్టతో కుట్టిన వదులు పంట్లాం. ఎర్ర వెయిస్ట్‌కోటు, తెల్ల సిల్కు మేజోళ్లు, రాళ్లు పొదిగిన బకిల్స్ ఉన్న తేలిక బూట్లు, బంగారు అంచు ఉన్న చిన్న గుండ్రటి టోపీ, చేతిలో సన్నటి బెత్తం. చూడండి, వందల వేషాలు వేసిన మనిషికి మొదటి రోజు బట్ట ఎన్ని గజాలు పట్టిందో కూడా గుర్తుంది.

తర్వాత అసలు సంగతి. సైడ్ వింగ్‌లో ఎవరికీ కనపడకుండా ఎగరడానికి ఒక స్ప్రింగు పలక లాంటిది అమర్చుకున్నాడు. తెర లేచింది. జనం ‘కూర్చోండి, టోపీలు తియ్యండి’ అని అరుస్తున్నారు. ఒక్క గెంతులో స్టేజి నడిమధ్యకి వచ్చి నిలబడ్డాడు. హాలంతా కేకలు. ఆడాడు, లోపలికి వెళ్లాడు, వన్స్‌మోర్ అన్నారు. వెంటనే రాకపోయేసరికి వాద్యకారుల మీదకి ఒక సీసా విసిరారు, స్టేజి మీదకి ఆపిల్ పండ్లు విసిరారు. మళ్లీ తెర ఎత్తారు, మళ్లీ ఆడాడు. చివర్లో ‘నేను అనుకున్నది సాధించాను’ అన్న ధోరణిలో ఒక్క ముక్కతో ముగించాడు. ఆ స్ప్రింగు పలక సంగతి బయట కూర్చున్న ఏ విమర్శకుడూ రాయలేడు, మేనేజరు రాయడు. చేసినవాడే రాయాలి.

1785లో న్యూయార్క్‌లో ఉన్నప్పుడు ఆయన వయొలిన్ నేర్చుకున్నాడు. నేర్పినవాళ్లలో ఒకరు ఫిలిప్ ఫైల్, ‘ప్రెసిడెంట్స్ మార్చ్’ బాణీ ఆయనదేనంటారు. ఇంకొకరు హాఫ్‌మాస్టర్, సుమారు మూడడుగుల ఎత్తు మనిషి, మంచి సంగీతం తెలిసినవాడు. ఆ హాఫ్‌మాస్టర్ జాన్ కోసమే ప్రత్యేకంగా ఒక హార్న్‌పైప్ కట్టి ఇచ్చాడు. జాన్ ఆ స్వరాలని తన జ్ఞాపకాల్లో రాసిపెట్టుకుని, ఈ బాణీ పట్నాల్లోనే కాదు, బ్లూ మౌంటెన్స్ అవతల కూడా వాయిస్తుంటే విన్నానని గర్వంగా చెప్పుకున్నాడు. ‘డురాంగ్స్ హార్న్‌పైప్’ అన్న పేరుతో అమెరికా పల్లె ఫిడేలు వాయించేవాళ్లు దాన్ని ఈనాటికీ వాయిస్తున్నారు. యూట్యూబ్‌లో కొట్టండి, బాంజోలతో, గిటార్లతో ఎన్ని దొరుకుతాయో. వాళ్లలో చాలామందికి ఆ పేరు ఒక డాన్సరుదని తెలియకపోవచ్చు.

జాన్ 1787లో మేరీ మెక్‌యువెన్‌ని పెళ్లి చేసుకున్నాడు, ఆమె కూడా స్టేజి మీద ఆడింది. పిల్లలు పుట్టడం, వాళ్లు నడక నేర్చుకోవడం, స్టేజి ఎక్కడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. కంపెనీ ఆటలు లేని రోజుల్లో ఆయన బొమ్మలాట ఆడించాడు, తాడు మీద నడిచాడు, మూకాభినయంలో రాబిన్సన్ క్రూసో కథలో ఫ్రైడే వేషం వేశాడు. 1794 మార్చిలో న్యూయార్క్ జాన్ స్ట్రీట్ థియేటర్‌లో ‘టామనీ’ అనే సంగీత నాటకం వేశారు, రాసింది ఆన్ జూలియా హాటన్ అనే ఆవిడ, అందులో మూలవాసుల నాట్యం జాన్, ఇంకో డాన్సరు కలిసి చేశారు. ఆ భూమి అసలు హక్కుదారులని తరిమేస్తున్న రోజుల్లోనే వాళ్ల నాట్యాన్ని వేరేవాళ్లు వేషం కట్టి ఆడటం ఇప్పుడు మనకి ఇబ్బందిగా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. అది దాచిపెట్టి జాన్ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇక సర్కస్. జాన్ బిల్ రికెట్స్ అనే స్కాట్లండు రౌతు 1793 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో గుర్రాల సర్కస్ మొదలుపెట్టాడు, అమెరికాలో మొదటి సర్కస్ అదే, జార్జి వాషింగ్టన్ కూడా ఆ నెలలోనే వెళ్లి చూశాడు. 1796లో జాన్ నాటకం కంపెనీ వదిలి ఆ సర్కస్‌లో చేరాడు. వాళ్లతో కెనడా దాకా వెళ్లాడు, మాంట్రియల్, క్విబెక్.

ఆ సర్కస్‌లో తను చేసిన పనుల జాబితా ఒకటి ఆయన జ్ఞాపకాల్లో ఉంది. నాకు ఆ పుస్తకం మొత్తంలో అదే ప్రాణం. నేల మీద బఫూన్, గుర్రం మీద బఫూన్, జోకులన్నీ తనే సమకూర్చుకోవాలి. గుర్రం ఎక్కడం రాని దర్జీ వేషం, ఆ వేషంలో మాటలు ఫ్రెంచిలో, జర్మన్‌లో, ఇంగ్లిషులో చెప్పాలి, మాంట్రియల్ జనం అలాంటివాళ్లు (చిన్నప్పటి మూడు భాషలు అన్నం పెట్టాయన్నది ఇందుకే). పరుగెత్తే గుర్రం మీద నుంచి కాగితం సూర్యుణ్ణి చింపుకుంటూ అవతలికి దూకడం. తాగుబోతు సైనికుడిలా ఊగుతూ స్వారీ. రెండు గుర్రాల మీద గోనెసంచిలో కట్టేయించుకుని నిలబడి, లోపలే బట్టలు మార్చుకుని ఆడవేషంతో బయటికి రావడం. రెండు గుర్రాల మీద తను నిలబడితే, తన భుజాల మీద రికెట్స్, ఆయన భుజాల మీద ఇంకో కుర్రాడు, ముగ్గురూ ఒకరి మీద ఒకరు, గుర్రాలు దౌడు తీస్తుండగా. వదులు తీగ మీద విన్యాసాలు. మూకాభినయంలో హార్లెక్విన్ అనే హాస్యపాత్ర. హాస్య గీతాలు. బాణసంచా తయారీ. తెరల మీద బొమ్మలు వెయ్యడం, యంత్రాల అమరిక, సంగీతం కూర్చడం, కరపత్రాలు రాయడం, చివరికి డబ్బు లెక్కలు చూడటం కూడా ఆయనే.

ఇది చదువుతుంటే ఆయన వీపు నొప్పి మనకి తెలుస్తుంది. కానీ ఆయన ఎక్కడా గొణగడు. వరసగా చెప్పుకుంటూ పోతాడు, ఒక పనివాడు తన పనిముట్లు బల్ల మీద పరిచి చూపించినట్టు. బయటినుంచి చూసేవాళ్లకి డాన్సరు అంటే డాన్సు ఒక్కటే. ఆ కాలంలో ఒక మామూలు కళాకారుడు కుటుంబాన్ని పోషించాలంటే ఎన్ని విద్యలు చేతిలో ఉండాలో ఈ ఒక్క పేజీ చెబుతుంది. మేనేజర్లు రాసిన చరిత్రలు ఎన్ని చదివినా ఇది దొరకదు.

1799 డిసెంబరు 17న ఫిలడెల్ఫియాలో రికెట్స్ సర్కస్ భవనం కాలిపోయింది. వాషింగ్టన్ చనిపోయి అప్పటికి మూడు రోజులు. రికెట్స్ దివాలా తీశాడు, ఇంగ్లండు వెళ్తూ ఓడతో సహా సముద్రంలో మునిగిపోయాడు. జాన్ మళ్లీ నాటకానికి వచ్చాడు, ఈసారి చెస్ట్‌నట్ స్ట్రీట్ థియేటర్. సుమారు రెండు వేల మంది పట్టే హాలు, ఆ రోజుల్లో దేశంలోనే గొప్పది. 1800 నుంచి 1819 దాకా అక్కడే. పెద్ద వేషాలు రాలేదు. డాన్సులు, మూకాభినయాలు, చిన్న పాత్రలు. వేసవిలో థియేటర్ మూసేస్తే జీతం ఆగిపోతుంది, అప్పుడు భార్యాపిల్లల్ని బండెక్కించుకుని లాంకాస్టర్, యార్క్, హారిస్‌బర్గ్ లాంటి ఊళ్లు తిరిగి ఆడేవాడు. ఆ ప్రాంతమంతా జర్మన్ మాట్లాడే రైతులు. వాళ్ల కోసం జర్మన్‌లోనే ఆడేవాడు. 1812లో మేరీ పోయింది. ఆ తర్వాత కూడా పిల్లలతో ఆ తిరుగుడు కొన్నేళ్లు సాగింది. 1822లో ఆయన ఫిలడెల్ఫియాలోనే కన్నుమూశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి తేదీలు చూడండి. రికెట్స్ సర్కస్ 1799లో కాలిపోయింది. చెస్ట్‌నట్ స్ట్రీట్ థియేటర్ 1820 ఏప్రిల్‌లో కాలిపోయింది, దాంతోపాటు దుస్తులు, తెరలు, నాటక ప్రతులు కూడా. సౌత్‌వార్క్ 1821లో కాలిపోయింది. అంటే జాన్ ఫిలడెల్ఫియాలో ఆడిన మూడు ముఖ్యమైన చోట్లూ ఆయన బతికుండగానే బూడిదయ్యాయి. నూనె దీపాలు, కొవ్వొత్తులు, రంగులద్దిన గుడ్డ తెరలు, చెక్క, ఇవన్నీ ఒకే చోట ఉంటే ఇంకేం జరుగుతుంది! థియేటర్లో దాచిన కాగితాలకి ఆ రోజుల్లో భరోసా లేదు. ఇంట్లో పెట్టెలో దాచుకున్న కాగితాలే మిగిలాయి. జాన్ తన జీవితం మొత్తం రాసి, దానికి తనే రంగుల బొమ్మలు కూడా వేసుకున్నాడు, తను నావికుడి వేషంలో హార్న్‌పైప్ ఆడుతున్న బొమ్మతో సహా. ఆ రాతలు కొడుకు చార్లెస్‌కి ఆసరా అయ్యాయి.

చార్లెస్ జీవితం తండ్రిలా సాహసాలతో నిండింది కాదు, అందుకే త్వరగా చెబుతాను. అనేక థియేటర్లలో చిన్న పాత్రలు, డాన్సులు, ఎక్కువ కాలం తెర వెనక పని. భార్య కూడా నటి. తర్వాత ఫిలడెల్ఫియాలో డాన్సు స్కూలు నడిపాడు, అందులో కూతురు కెరొలిన్ కూడా నేర్పేది. బాల్‌రూమ్ డాన్సుల మీద చేతి పుస్తకాలు రాశాడు. 1870లో చనిపోయాడు.

ఆయన అసలు పని 1854 మేలో మొదలైంది. ‘ఫిలడెల్ఫియా సండే డిస్పాచ్’ అనే ఆదివారం పత్రికలో ఫిలడెల్ఫియా స్టేజి చరిత్రని సీరియల్‌గా రాయడం మొదలుపెట్టి, 1860 దాకా, మూడు భాగాలుగా రాశాడు. తండ్రి కాగితాల నుంచి కొంత తీసుకున్నానని శీర్షికలోనే చెప్పాడు. నాకు ఆ మాట అక్కడ పెట్టడం ఎంతో నచ్చింది.

ఆయనకంటే ముందే, 1832లో, విలియం డన్‌లాప్ అమెరికా నాటకరంగ చరిత్ర పుస్తకం తెచ్చాడు. డన్‌లాప్ నాటక రచయిత, చిత్రకారుడు, న్యూయార్క్‌లో థియేటర్ నడిపి 1805లో దివాలా తీసినవాడు. ఆ పుస్తకం విలువైనదే, మొదటిది కూడా. కానీ ఆయన మేనేజరు కుర్చీలోంచి చూస్తాడు. భాగస్వాముల గొడవలు, నాటకాల మంచిచెడ్డలు, పెద్ద నటుల అలకలు. డాన్సర్లకి, తీగ మీద నడిచేవాళ్లకి అందులో దక్కిన చోటు తక్కువ. చార్లెస్ చరిత్ర అలా ఉండదు. ఎవరు ఏ వేషం వేశారు, ఏ థియేటర్లో మెట్లు ఎటువైపు, బెనిఫిట్ రాత్రులు ఎవరికి ఎలా జరిగాయి, ఇవన్నీ కుప్పలుగా పోస్తాడు. బెనిఫిట్ అంటే ఏమిటంటే, సీజన్ చివర్లో ఒక్కో కళాకారుడికి ఒక రాత్రి కేటాయిస్తారు, హాలు ఖర్చు పోగా వచ్చిన డబ్బు ఆ మనిషిది. జీతాలు చాలవు కాబట్టి ఆ ఒక్క రాత్రి మీదే ఏడాది అప్పులన్నీ ఆధారపడి ఉంటాయి. టిక్కెట్లు తనే తిరిగి అమ్ముకోవాలి. వర్షం పడితే అంతే సంగతులు. ఆ టెన్షన్ అనుభవించినవాడు రాసిన చరిత్రలో బెనిఫిట్‌లకి అంత చోటు ఉండటం న్యాయమే.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్నప్పుడు వాషింగ్టన్ సౌత్‌వార్క్‌కి నాటకం చూడటానికి వచ్చేవాడు. ఇది చాలామంది రాశారు. చార్లెస్ ఎలా రాశాడో చూడండి: హాస్యనటుడు విగ్నెల్ నల్లటి దుస్తులు వేసుకుని, జుట్టుకి శ్రద్ధగా పౌడరు అద్దుకుని, రెండు వెండి స్తంభాల్లో మైనపు కొవ్వొత్తులు పట్టుకుని బాక్సు తలుపు దగ్గర నిలబడి అధ్యక్షుణ్ణి లోపలికి తీసుకెళ్లేవాడు. స్టేజి తలుపుల దగ్గర ఒక్కో సైనికుడు, గ్యాలరీలో నలుగురు. గ్యాలరీలో నలుగురు ఎందుకో మనం ఊహించుకోవచ్చు, పైనుంచి ఆపిల్ పండ్లు, సీసాలు వచ్చేది అక్కణ్ణించే కదా! ఈ వివరం చార్లెస్ సొంతంగా చూసింది కాదు, ఆయన అప్పటికి పుట్టి ఉండడు, పుట్టి ఉన్నా మరీ పసివాడు. ఆ రోజుల్లో ఆ స్టేజి మీద పనిచేసిన తండ్రి లాంటివాళ్లు చెబితే వచ్చింది. ఈ రోజు వాషింగ్టన్ నాటకాభిరుచి గురించి ఎవరు రాసినా ఆ వెండి కొవ్వొత్తి స్తంభాలు తప్పకుండా కనిపిస్తాయి. అవి మనదాకా వచ్చిన దారి ఇదే.

అలాగని చార్లెస్ రాసిందంతా కళ్లకద్దుకోమని నేను చెప్పను. తేదీలు తప్పిపోతాడు. ఇంటి కథలకి కొంచెం ఎక్కువ చోటిస్తాడు. అందులో పెద్దది అమెరికా జాతీయగీతం సంగతి. 1814 సెప్టెంబరులో బ్రిటిష్ ఓడలు బాల్టిమోర్ దగ్గర మెక్‌హెన్రీ కోట మీద ఫిరంగులు పేల్చినప్పుడు ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఆ పాట రాశాడు. చార్లెస్, ఆయన తమ్ముడు ఫెర్డినాండ్ ఇద్దరూ అప్పుడు పెన్సిల్వేనియా స్వచ్ఛంద సైనికులుగా బాల్టిమోర్‌లో ఉన్నారు. ఒక సత్రం దగ్గర సైనికుల మధ్య ఆ పాటని మొట్టమొదట పాడింది ఫెర్డినాండేనని, తానూ పక్కన నిలబడి గొంతు కలిపానని చార్లెస్ చెప్పాడు. చాలాకాలం పుస్తకాల్లో అదే వచ్చింది. కానీ ఈ రోజు చేతిలో ఉన్న కాగితం ఆధారం వేరేది: 1814 అక్టోబరు 19న బాల్టిమోర్ హాలిడే స్ట్రీట్ థియేటర్లో నాటకం తర్వాత హార్డింజ్ అనే నటుడు పాడతాడని ప్రకటన ఉంది. సత్రంలో ఫెర్డినాండ్ అంతకు ముందే పాడి ఉండొచ్చు, అన్నదమ్ములు అబద్ధం ఆడారనడానికి నాకేమీ కనపడదు. కాకపోతే ‘మొదట’ అన్న మాటకి అన్నయ్య జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యంగా చాలదు. చార్లెస్‌ని చదివేటప్పుడు పక్కన ఆ రోజుల నాటి పత్రికలు, ప్లేబిల్లులు, అంటే నాటకాల ప్రకటన కాగితాలు, పెట్టుకోవాలి. అలా పెట్టుకుని చదివినవాళ్లకి ఆయన ఇచ్చినంత సమాచారం ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ చరిత్ర ఆయన బతికుండగా పుస్తకం కాలేదు. పత్రికలోంచి కత్తిరించి, పెద్ద పెద్ద సంపుటాల్లో అతికించి దాచుకున్నవాళ్లు కొందరున్నారు, ఆ పత్రిక సంపాదకుడు థాంప్సన్ వెస్ట్‌కాట్ తనే బొమ్మలు కూడా చేర్చి ఒక ప్రతి తయారుచేశాడు. పరిశోధకులు ఇన్నేళ్లూ ఆ కత్తిరింపులూ, మైక్రోఫిల్ములూ తిరగేస్తూనే పనిచేశారు. తండ్రి చేతిరాత ప్రతి చివరికి యార్క్ కౌంటీ చరిత్ర సంఘం దగ్గరికి చేరింది. 1966లో అలన్ డౌనర్ అనే పండితుడు దాన్ని సరిచూసి అచ్చు వేయించాడు. జాన్ చనిపోయిన 144 ఏళ్లకి!

ఇంకొక్క విషయం చెప్పి ఆపుతాను. చార్లెస్ తన డాన్సు పుస్తకాల్లో ఒకదాంట్లో ‘పాత పద్ధతి నావికుల హార్న్‌పైప్’ అని పేరు పెట్టి, అడుగుల వరుస మొత్తం రాశాడు. ఇరవైకి పైగా అడుగులు. డబుల్ షఫుల్, పిజన్ వింగ్, గ్రాస్‌హాపర్ స్టెప్, కూపర్ షఫుల్, విర్లిగిగ్, మడమల మీద ముందుకి పరుగు, చివర్లో వంగి నమస్కారం. మధ్యలో సిసోన్, ఆంత్రెషా అని ఫ్రెంచి బాలే అడుగులు కూడా ఉన్నాయి, రూసెల్ ఇంట్లో అద్దెకున్న రోజుల ఫలితం అవి అని నేను నమ్ముతాను. ఏ అడుగు ముందుకి, ఏ అడుగు వెనక్కి, ఏది గుండ్రంగా, ఎక్కడ దరువుతో ముగించాలి, అన్నీ ఒక్కో లైనులో. ఆ కాలపు అమెరికన్ స్టేజి డాన్సు ఒకటి ఇంత వివరంగా కాగితం మీద దొరకడం చాలా అరుదు. ట్యాప్ డాన్సు, అంటే బూట్లతో నేల మీద దరువు వేస్తూ ఆడే డాన్సు, మూలాలు వెతికేవాళ్లు ముందు వెళ్లేది ఈ పేజీకే, ఎందుకంటే ఆ షఫుల్స్‌లో కొన్ని పేర్లు ఈ రోజు ట్యాప్ క్లాసుల్లో కూడా వినిపిస్తాయి. కొన్ని అడుగులు ఎలా వెయ్యాలో మాత్రం పేరుని బట్టి పోల్చుకోవడం కష్టం, డాన్సర్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా కడుతున్నారు. మీలో నాట్యం నేర్చుకున్నవాళ్లు ఉంటే ఆ వరుస తెలుగులో రాసి ఇస్తాను, హాఫ్‌మాస్టర్ బాణీ పెట్టుకుని ప్రయత్నించండి. అక్కడ ఏ అడుగు ఎందుకు వచ్చిందో నాకంటే మీ కాళ్లకే ముందు తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.